ముల్లు చెప్పవలసిన మాట

మన పల్లెలలో ఇప్పటికీ ఎన్నో ఇండ్ల వసారాలలో పాత బుల్లెట్టు మోటారు సైకిళ్లు నిలిచి ఉన్నవి. 1955లో మద్రాసులో ఈ బండ్ల తయారీ మొదలైనది మొదలుకొని రెండు మూడు తరాలను ఇవి మోసినవి. ఇంజను సంగతి అందరూ చూచుకుంటారు గాని, హెడ్‌లైటు పైన ఉన్న స్పీడోమీటరును, దాని ప్రక్కన ఉండే చిన్న అమ్మీటరును పట్టించుకునేవారు తక్కువ. "ముల్లు కదలకపోతేనేమి, బండి నడుస్తున్నది గదా" అంటారు.

2023 వేసవిలో మా సంఘములోని ఒక పెద్దామె తన భర్త వాడిన 1978 నాటి బుల్లెట్టును అమ్మిపెట్టమని మమ్మును అడిగినది. మనవరాలి నర్సింగు చదువుకు ఫీజు కట్టవలసి ఉన్నది. మీటరులో అంకెలు 41,306 దగ్గర ఆగిపోయి ఉన్నవి. బండి చూచిన మెకానిక్కు, "కొత్త మీటరు బిగిద్దామండీ. సున్నా నుంచి మొదలౌతుంది. కొనేవాడు రెండు మూడు వేలు ఎక్కువే ఇస్తాడు" అన్నాడు. ఆమె మా వైపు తిరిగి, "ఆయన నడిపింది సున్నా ఎట్లా అవుతుందయ్యగారూ?" అని అడిగినది. గనుక పాత మీటరునే బాగుచేయించుటకు పూనుకున్నాము.

స్పీడోమీటరు పనిచేయు విధము తెలిస్తే లోపము వెదకుట సులువు. ముందు చక్రము తిరిగినప్పుడు దాని ఇరుసు దగ్గర ఉన్న పళ్ల చక్రాలు ఒక కేబులు లోపలి తీగను త్రిప్పుతాయి. ఆ తీగ మీటరులోని అయస్కాంతమును త్రిప్పుతుంది. దాని చుట్టూ తాకకుండా ఒక అల్యూమినియము గిన్నె ఉంటుంది. అయస్కాంతము తిరిగేకొద్దీ గిన్నెలో విద్యుత్తు పుట్టి, గిన్నె కూడ అదే వైపు లాగబడుతుంది. వెంట్రుకవంటి ఒక స్ప్రింగు దానిని వెనుకకు పట్టి ఉంచుతుంది. ఈ రెండు బలాలు సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. జర్మనీలో ఓటో షుల్జే 1902లో పేటెంటు పొందిన పద్ధతి ఇది. కిలోమీటర్ల అంకెలను మాత్రము అదే తీగ పళ్ల చక్రాల ద్వారా నేరుగా త్రిప్పుతుంది.

కాబట్టి అంకెలు కదులుతూ ముల్లు మాత్రము కదలకపోతే లోపము మీటరులోనే ఉన్నది. రెండూ ఆగిపోతే ముందుగా కేబులును చూడవలెను. మా బండికి రెండూ ఆగినవి. పై కొసన కేబులు విప్పి, ముందు చక్రము పైకెత్తి త్రిప్పితే లోపలి తీగ కదలలేదు. బయటికి లాగి చూస్తే క్రింది భాగములో తెగి ఉన్నది. కొత్త కేబులు వేయగా అంకెలు కదిలినవి గాని ముల్లు కదలలేదు.

అప్పుడు తెనాలిలో గడియారాలు బాగుచేసే ఒకాయన దగ్గరకు తీసుకొని వెళ్లాము. అద్దము చుట్టూ మడిచి ఉన్న రేకును ఆయన చిన్న స్క్రూడ్రైవరుతో కొంచెము కొంచెముగా పైకి లేపి మీటరు తెరిచాడు. ఎప్పుడో కేబులుకు ఎక్కువగా పూసిన గ్రీసు పైకి ప్రాకి, ఎండి, గిన్నెను కదలకుండా పట్టివేసినది. ఆయన స్ప్రింగు జోలికి పోకుండా గ్రీసు తుడిచాడు. వాన నీరు దిగకుండా కొత్త రబ్బరు వేసి మూశాడు. కేబులుకు గ్రీసు పలుచగా, క్రింది భాగమునకే పూయవలెనని, పై నాలుగంగుళాలు పొడిగా వదలవలెనని చెప్పాడు.

తరువాత రోడ్డు ప్రక్క కిలోమీటరు రాళ్ల మధ్య చేతి గడియారముతో సరిచూశాము. నలభై మీద బండి నిలకడగా పోతే ఒక కిలోమీటరుకు 90 సెకన్లు పట్టవలెను. మాకు 100 సెకన్లు పట్టినది. అనగా అసలు వేగము 36. నాలుగు ఎక్కువ చూపుతున్నది.

అమ్మీటరు సంగతి మరింత వింతగా ఉన్నది. ఇంజను ఆపి లైటు వేస్తే బ్యాటరీ ఖర్చవుతుంది గనుక ముల్లు మైనస్ వైపు పోవలెను. ఇది ప్లస్ వైపు పోయినది. ఎవరో వెనుక రెండు వైర్లు తారుమారుగా బిగించారు. ఆ ముల్లును నమ్మి రాత్రి ప్రయాణము చేసినవాడు బ్యాటరీ నిండుతున్నదనుకుంటాడు, అది ఖాళీ అవుతూ ఉంటుంది. నడిదారిలో దీపము ఆరిపోతే గాని తెలియదు. ముందు బ్యాటరీ వైరు తీసివేసి, ఆ రెంటినీ మార్చి, వదులైన నట్లు బిగించాము.

కొనుటకు వచ్చిన యువకునికి ఆమె ఒక కాగితము వ్రాయించి ఇచ్చినది. మీటరు కొన్ని సంవత్సరాలు ఆగి ఉన్నదనియు, బండి తిరిగిన దూరము ఆ అంకెకంటె ఎక్కువేననియు, వేగము నాలుగు ఎక్కువ చూపుననియు అందులో ఉన్నది. అతడు చదువుకొని రెండు వేలు తగ్గించాడు. ఫీజుకు ఆ రెండు వేలే తక్కువపడినవి. పాల డబ్బులలో నుండి తీసి రెండు నెలలలో ఆమె కట్టినది. బండి కొన్న అబ్బాయి ఇప్పటికీ దానిమీదనే పొలానికి పోతున్నాడు.

మీ ఇంట పాత బండి ఉంటే ఒక సాయంత్రము కేటాయించండి. ఇంజను ఆపి లైటు వేసి అమ్మీటరు ముల్లు ఎటు పోతున్నదో చూడండి. కిలోమీటరు రాళ్ల మధ్య వేగము సరిచూడండి. పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని చేయండి. రేపు ఆ బండి నడిపేది వారే గదా.