ఎనిమిది అక్షరాల భయం

హెపటోస్ప్లీనోమెగలీ. ఒక్కసారి పైకి చదవండి. ఫర్వాలేదు, హాస్టల్ రూమ్‌లో ఎవరూ నవ్వరు.

హె-ప-టో-స్ప్లీ-నో-మె-గ-లీ. ఎనిమిది సిలబుల్స్. తెలుగులో రాసినా సరిగ్గా ఎనిమిది అక్షరాలే. గురులఘువులు పెట్టి చూస్తే ఒక స గణం, ఒక త గణం, చివర లగం. ఇంగ్లీష్ మాత్రం ఈ లెక్క పట్టించుకోదు. మనకి లఘువైన ‘మె’ మీదే గట్టిగా ఊనిక పెట్టి పలుకుతుంది. ఫొటోగ్రఫీలో ‘టో’, బయాలజీలో ‘యా’ చూడండి. ఇలాంటి గ్రీకు పదాల్లో చాలావరకు చివరి నుంచి మూడో సిలబుల్‌దే బలం.

ఇంత పలకడం వచ్చినా పని జరగదని మా ఇంట్లోనే చూశాను. నాన్నకి టైఫాయిడ్ వచ్చినప్పుడు స్కానింగ్ రిపోర్ట్ చివరి లైన్‌లో ఈ పదం ఉంది. ఇంట్లో ఇంగ్లీష్ మీడియం నేనొక్కదాన్నే కాబట్టి కాగితం నా చేతికొచ్చింది. గడగడా చదివాను. నాయనమ్మ విని, “పేరే గింత పొడుగుంటే జబ్బెంత ఉంటదే బిడ్డా?” అంది. అమ్మ స్టవ్ ఆపేసి వచ్చి నిలబడింది. నాన్న ఏం మాట్లాడలేదు.

పలకడానికి విరిచే చోట్లు వేరు, అర్థం కోసం విరిచే చోట్లు వేరు. కోడ్‌లో స్ట్రింగ్‌ని స్ప్లిట్ చేస్తాం కదా, ఇక్కడ మధ్యలో వచ్చే ‘ఓ’నే డిలిమిటర్. దాని దగ్గర విరిస్తే మూడే ముక్కలు. హెపట్ అంటే కాలేయం, స్ప్లీన్ అంటే ప్లీహం, మెగలీ అంటే పెద్దదవడం. అంతే. అది జబ్బు పేరే కాదు, స్కాన్‌లో కనిపించిన సంగతి. టైఫాయిడ్, మలేరియా లాంటి జ్వరాల్లో అలా అవ్వొచ్చు. అదే మాట చెప్తే నాయనమ్మ “గంతేనా” అని నాన్నకి జావ కాయడానికి లేచింది.

తర్వాత తెలిసిన ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. గ్రీకు వాళ్ల స్ప్లీన్, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ప్లీహం ఒకే పాత మూలం నుంచి వచ్చిన మాటలు. మెగ, మహా కూడా అంతే. ఇంగ్లీష్ గ్రీకు దగ్గర అప్పు చేసింది, మనం సంస్కృతం దగ్గర చేశాం. కొత్త మనిషి అనుకున్న పదం తీరా చూస్తే దూరపు చుట్టం.

మనలో చాలామందిమి ఇంట్లో రిపోర్టులు చదివే డ్యూటీలో ఉన్నాం. రేపు మీ చేతికి ‘కార్డియోమెగలీ’ అని వస్తే సగం మీకు ఇప్పుడే తెలుసు. కార్డియో అంటే గుండె. ఎందుకు పెరిగిందన్నది డాక్టర్‌నే అడగాలి. పదాన్ని మాత్రం ఇంట్లోవాళ్లకి ఒకే ముద్దగా పెట్టకండి, ముక్కలు చేసి ఇవ్వండి.