తెల్ల చేప, నిమ్మచెక్క, ఒక గ్లాసు వైన్

చేప అనగానే మనకు పులుసు గుర్తుకువస్తుంది. లేదా మూకుడు నిండా కాగిన నూనెలో ఎర్రగా వేగిన ముక్క. పది నిమిషాలలో పూర్తయ్యే మరొక పద్ధతి ఉంది: పెనం మీద రెండు చెంచాల నూనెతో తెల్ల చేపను వేయించుకోవడం. బోస్టన్‌లో మా అమ్మాయి ఇంట ఉన్న రోజులలో దీనిని దగ్గరగా చూశాను. ఆ భోజనంతోపాటు బల్లమీదికి వచ్చే తెల్ల వైన్ గురించి కూడా వైద్యునిగా నాలుగు మాటలు చెప్పవలసి ఉంది.

తెల్ల చేప అంటే తెల్లనిది చర్మం కాదు, కండ. కాడ్, హాడాక్ వంటి చేపలు కొవ్వును కండలో కాక కాలేయంలో దాచుకుంటాయి. మన చిన్నతనంలో ముక్కు మూసుకొని మింగిన కాడ్ లివర్ ఆయిల్ అక్కడిదే. కండలో కొవ్వు తక్కువ కనుక తేలికైన భోజనం. అయితే ఒమేగా-3 కొవ్వుల కోసమైతే మన కవళ్ళూ కానాగంతలే మెరుగు. చవక చేప కదా అని కొందరు చిన్నచూపు చూస్తారు. అయినా చెబుతూనే ఉంటాను.

మా అమ్మాయి హాడాక్ ముక్కలకు ఉప్పు రాసి, పది నిమిషాలు ఉంచి, తడి పూర్తిగా అద్దేస్తుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. తడి ఉంటే పెనం వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ముక్క వేగక ఉడుకుతుంది, అడుగంటుతుంది. పెనం బాగా వేడెక్కాక నూనె, ఆపైన ముక్క. ఇక కదపకూడదు. అడుగు బంగారు రంగుకు వచ్చాక దానంతట అదే పెనాన్ని వదులుతుంది. అరంగుళం మందం ముక్కకు ఒకవైపు మూడు నిమిషాలు, రెండవవైపు రెండు నిమిషాలు చాలు. గాజులా ఉన్న కండ పాలలా తెల్లబడి, చెంచాతో తాకితే పొరలుగా విడిపోవాలి. అంతకు మించితే పీచులా ఎండిపోతుంది. దించాక మిరియాల పొడి, నిమ్మరసం.

ఆ నిమ్మరసం రుచికి మాత్రమే కాదు. నీచువాసనకు ముఖ్య కారణం ట్రైమిథైల్ అమైన్ అనే క్షార పదార్థం. ఆమ్లం దానిని లవణంగా మార్చి గాలిలోకి లేవనివ్వదు. పులుసులో చింతపండు చేసే పనీ అదే. పుల్లని తెల్ల వైన్ చేపకు నప్పుతుందనడంలోనూ ఈ పులుపుదే పెద్ద పాత్ర. ఎర్ర వైన్‌లోని ఇనుము నోటిలో నీచును పెంచుతుందని 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపారు.

రుచి సంగతి అంతవరకు ఒప్పుకుంటాను. ఒక రాత్రి మా వియ్యంకులవారు కూడా భోజనానికి వచ్చారు. చాలాకాలంగా మధుమేహం, గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నారు. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. అయినా ముందుగా గ్లాసే అందుకున్నారు.

"ద్రాక్షరసమే కదా బావగారూ, గుండెకు మంచిదంటారు" అన్నారు.

"ముందు చేప తినండి బావగారూ, గుండె సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. కొంచెం చిన్నబుచ్చుకున్నారు గాని గ్లాసు పక్కన పెట్టారు.

ఎందుకు ఆపానో వినండి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేస్తుంది. మద్యాన్ని విరగ్గొట్టే పనిలో పడితే ఆ తయారీ కుంటుపడుతుంది. మాత్ర ఒకవైపు చక్కెరను దించుతూనే ఉంటుంది. నిద్రలో, కొన్ని గంటల తర్వాత కూడా చక్కెర పడిపోవచ్చు. తడబాటు, మాట ముద్దగా రావడం చూసి ఇంట్లోవారు మత్తనుకుంటారు. ఇన్సులిన్ వాడేవారికీ ఇదే ప్రమాదం.

గుండెకు మంచిదన్న మాట 1991లో ఒక అమెరికా టీవీ కార్యక్రమం తర్వాత బాగా ప్రచారమైంది. మద్యం క్యాన్సర్ కారకమని 1988లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. సురక్షిత పరిమాణం అంటూ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో దాదాపు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. తాగే అలవాటు లేనివారు గుండె పేరు చెప్పి మొదలుపెట్టవద్దు. పెనంలో పోస్తే ఆల్కహాలంతా ఆవిరైపోతుందన్నదీ నిజం కాదు.

మన ఊళ్ళలో హాడాక్ వెతకనక్కరలేదు. పండుగప్పకు ముల్లు తీసి ముక్కలు కోసిమ్మని అడగండి. తలా ముల్లూ వదిలేయకండి. మర్నాటి పులుసుకు అవే రుచి.