పెన్ డ్రైవ్‌లో అన్నీ బాణం గుర్తులే

పోస్టు కొంచెం పొడుగైతాది, ఓపిగ్గా చదవండి. పోయిన నెల మాకు జరిగింది రాస్తున్నాం.

మేము అహోబిలం పక్క చెంచుగూడేల పిల్లలం. నంద్యాల హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. మా అందరికీ కలిపి ఒకటే పెన్ డ్రైవ్, 16 జీబీది. తొమ్మిది మంది కులం సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు, టెన్త్ మెమోలు దాంట్లోనే. ఇంకోటి కూడా ఉంది. మా పెద్దతాత పాడిన చెంచులక్ష్మి పాట. రికార్డు చేసిన ఫోను పగిలిపోయింది, తాత కూడా లేడిప్పుడు.

ఆళ్లగడ్డలో ఒక నెట్ సెంటర్లో ప్రింట్లు తీయించుకుని బస్సెక్కి వచ్చినాం. నంద్యాలలో జిరాక్స్ షాపులో పెట్టి చూస్తే ప్రతి ఫోల్డర్ మూలన చిన్న బాణం గుర్తు. ఒక్కోటి 2 కేబీ కూడా లేదు. బాణమంటే మాకు కొత్తేం కాదు గానీ ఇది మాత్రం భయపెట్టింది. "వైరస్సు, ఫార్మాట్ కొడితే పోతాది" అన్నాడు షాపాయన. పోతాది సరే, మావీ పోతాయి కదా! స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కు రెండు రోజులే టైం.

కొట్టనీకుండా తెచ్చుకున్నాం. రూమ్‌లో ఒకడు ఓటీజీ పెట్టి ఫోన్లో తెరిస్తే, అన్నీ ఉన్నాయి! విండోస్ కోసం రాసిన వైరస్ ఆండ్రాయిడ్‌లో పని చేయదు. విండోస్‌లో దాచిన ఫైళ్లు ఫోన్లో మామూలుగానే కనపడతాయి. ముందు తాత పాట ఫోన్లోకి కాపీ చేసుకున్నాం, తర్వాతే సర్టిఫికెట్లు.

సీనియర్ అన్నకు ఫోన్ చేస్తే విషయం చెప్పినాడు. ఇది ఫైళ్లను తినలేదంట, దాచిపెట్టి వాటి పేరుతోనే షార్ట్‌కట్ పెట్టిందంట. ఒకప్పుడు పెన్ డ్రైవ్ పెట్టగానే వైరస్ దానంతటదే నడిచేది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత ఎక్స్‌పీ, విస్టాల్లో కూడా అప్‌డేట్‌తో దాన్ని ఆపేసింది. అందుకే ఇప్పుడు మన చేతనే క్లిక్ చేయిస్తాది. నెట్ సెంటర్లో ఉండేది విండోస్ 7. దానికి 2020 జనవరిలోనే సపోర్టు ఆగిపోయింది.

మరుసటి రోజు కాలేజీ ల్యాబ్‌లో, సార్‌ను అడిగి, ముందు డిఫెండర్‌తో స్కాన్ చేసినాం. తర్వాత సీఎండీ తెరిస్తే అన్న ఫోన్లో ఒక్కో అక్షరం చెప్పినాడు: ఏ టీ టీ ఆర్ ఐ బీ, స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, జీ కోలన్, వెనక్కి వాలిన స్లాష్, స్టార్ డాట్ స్టార్, స్పేస్, మామూలు స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ డీ. జీ అనేది మా డ్రైవ్ అక్షరం, మీది వేరే ఉంటాది. మూడుసార్లు స్పేస్ మర్చిపోయి తిట్లు తిన్నాం. నాలుగోసారి ఫోల్డర్లు బయటికొచ్చినాయి. షార్ట్‌కట్‌లు, వీబీఎస్ అని ఉన్న ఫైలు డిలీట్ చేసి, మావి కాపీ చేసుకున్నాక అప్పుడు కొట్టినాం ఫార్మాట్.

అప్లికేషన్లు ఎనిమిదే పోయినాయి. ఒక తమ్ముని ఆదాయం సర్టిఫికెట్ ఫైలు తెరుచుకోలేదు. వాళ్లమ్మ ఒరిజినల్ పట్టుకుని పొద్దున మొదటి బస్సుకు ఆళ్లగడ్డ నుంచి వచ్చింది. సాయంత్రానికి అదీ అప్‌లోడ్ చేసినాం. పోయేముందు తాత పాట పెట్టమనింది, రెండుసార్లు వినింది.