విద్యుచ్ఛకటపు మేత

గోవును కొనునపుడు పాలెంత యిచ్చునో యడిగి యూరకుండక, మేత యెంత కావలెనో కూడ విచారించుట మన పెద్దల యాచారము. విద్యుత్తుతో నడచు కారు విషయమునను ఇదియే న్యాయము.

2020లో మన దేశమున వెలువడిన టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీలో 30.2 యూనిట్లు పట్టును. ఒకసారి నింపిన 312 కిలోమీటర్లు పోవునని ధ్రువీకరణము. అనగా యూనిటునకు పదికి పైమాట. అది నియమిత వేగములతో పరీక్షాశాలలో తేలిన లెక్క. బాటమీది లెక్క వేఱు.

గాలి యడ్డగించు బలము గంటకు 60 కిలోమీటర్ల వేగమునందున్న దానికి 90 వేగమున రెండుంబావు రెట్లగును. కావుననే యీ కారు రహదారిమీద నెక్కువ భుజించును. పట్టణమున వేగము తగ్గించినపు డెల్ల కొంత విద్యుత్తును మరల బ్యాటరీకి చేర్చుకొనును. పెట్రోలు కారునకు పట్టణమే ఖర్చు. వేసవిలో ఏసీకి కావలసినదియు బ్యాటరీనుండియే పోవును. నింపునపుడు వేడియై పోయిన విద్యుత్తునకును మనమే బిల్లు చెల్లింపవలెను.

బడిపంతులుగారి జీతముతో సంసారము నడపు మేము పాలపద్దు ప్రక్కనే కారుపద్దును వ్రాయుచున్నాము. మా కారు కాగితమున 300 అని యున్నది. పద్దున 200 దాటలేదు. మా యత్తగారిని చూపించు వైద్యశాల 110 కిలోమీటర్ల దూరము. కాగితమును నమ్మినచో వ్యాధిగ్రస్తురాలితో తిరుగుదారిని నిలిచిపోవలసినదే. కావున అచ్చటనే మరల చార్జి నింపి బయలుదేరుచున్నాము.

కొనగోరు సోదరీమణులు అట్టి కారున్న యింటి వేసవి నెల పద్దును చూచిన పిమ్మటనే అప్పుపత్రముపై సంతకము చేయుదురు గాక.