సిఫారసా? సాక్ష్యమా?

సిఫారసు అను మాట పారసీకమునుండి మన భాషలోనికి వచ్చినది. వచ్చినప్పటి యర్థమెట్లున్నను, నేఁడు మన యిండ్లలో దాని యర్థము పెద్దవారిచేత నొక మాట చెప్పించుట యనియే. పిల్లవానికి బడిలోఁ జోటు కావలసినను, రోగికి ఆసుపత్రిలో మంచము కావలసినను, మనము మొట్టమొదట నడుగు ప్రశ్న “అక్కడ మనకుఁ దెలిసినవా రెవరున్నారు?” అని. అర్హత యున్నదా యను ప్రశ్న తరువాతిది. ఒక్కొక్కప్పు డది రానే రాదు. ఈ యలవాటు మాకును గలదు. అది మమ్ము నెంతవఱకుఁ దీసికొనిపోయినదో చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత సంవత్సరము ఆగస్టు నెలలో నొక సాయంకాలము మా పూర్వశిష్యుఁ డొకఁడు మా యింటికి వచ్చెను. పదవ తరగతిలో మా యొద్ద ఇంగ్లీషు చదివినవాఁడు. పిమ్మట వైద్యవిద్య ముగించి, హౌస్ సర్జనుగాఁ బనిచేసి, అమెరికాలో రెసిడెన్సీ కొఱకుఁ గావలసిన పరీక్షలలోఁ గృతార్థుఁ డయ్యెను. రెసిడెన్సీ యనఁగా పట్టము పొందిన వైద్యుఁడు ఆసుపత్రిలో జీతముమీఁదఁ బనిచేయుచు నొక శాఖయందుఁ బొందు శిక్షణము. ఇతఁడు కోరిన ఇంటర్నల్ మెడిసిన్ శాఖకు మూఁ డేండ్లు పట్టును. ఈ శిక్షణము లేక ఆ దేశమున స్వతంత్రముగా వైద్యము చేయుట సాధారణముగా వీలుపడదు.

“మాస్టరుగారూ, దరఖాస్తుతో యోగ్యతాపత్రములు పంపవలెను. ఒక్కొక్క ఆసుపత్రికి నాలుగింటివఱకుఁ బంపవచ్చును. అక్కడ నెల దినములు నన్ను జూచిన డాక్టరుగారు ఒకటి వ్రాసెదమనిరి. మా ప్రొఫెసరుగారి నడిగితిని. ‘నాకుఁ దీరిక లేదు, నీవే వ్రాసి తెమ్ము, సంతకము చేసెద’ ననిరి. నా యింగ్లీషు మీ రెఱుఁగనిది కాదు. మీరు వ్రాసిపెట్టవలెను” అని యతఁడు కోరెను.

మా యాంగ్లమును మెచ్చి వచ్చినవారిని మేము నిరాశపఱచిన దినము లేదు. మా వీధిలోని దరఖాస్తులలో సగము మావే. ఆ రాత్రియే కూర్చుండి రెండు పుటలు నింపితిమి. శిష్యుని దయాసముద్రుఁ డంటిమి, అవిశ్రాంత పరిశ్రమశీలి యంటిమి, మా ముప్పదియేండ్ల బోధనానుభవములో నిట్టివానిని జూడలేదంటిమి. ఆ ముప్పదియేండ్లును ప్రొఫెసరుగారివి. మావి యింకను ఇరువది యైనను నిండలేదు. అందలి విశేషణములు ఒక ప్రబంధనాయకునకుఁ జాలియుండును. రోగి మాత్ర మొక్కఁడును లేఁడు.

మా గృహిణి యది చదివి, “ఏమండీ, ఈ పిల్లవాఁడు వైద్యము చేయుచుండఁగా మీరెన్నఁడైనఁ జూచితిరా?” అని యడిగెను. చూడలేదనియు, ఇది మేము వ్రాసినట్లు కాదు, ప్రొఫెసరుగారు వ్రాసినట్లనియుఁ జెప్పితిమి. “ఆయనయుఁ జూచి వ్రాయలేదు గదా. మీ బడిలో నొకని పరీక్షకాగితము మఱియొకఁడు వ్రాసిన మీ రేమి చేయుదురు?” అని యామె పలికి, దీపమార్పి పోయినది. మాకు నిద్ర పట్టలేదు.

మఱునాఁడు ఆ దరఖాస్తు పద్ధతిని శ్రద్ధగాఁ జదివితిమి. ముందుగాఁ జదువక పోవుట మా తప్పు. అక్కడి వైద్యకళాశాలల సంఘమువారు నడపు ఇరాస్ అను ఏర్పాటులో నభ్యర్థి యుత్తరమును తానుగాఁ బంపరాదు. వ్రాసినవారు గాని, వారు నియమించినవారు గాని పంపవలెను. అంతియకాదు. 1974లో నచ్చటఁ జేసిన యొక చట్టమునుబట్టి విద్యార్థికిఁ దన పత్రములు చూచుకొను హక్కు గలదు. యోగ్యతాపత్రము విషయమున నా హక్కును వదలుకొనవచ్చును. ఒక్కొక్క యుత్తరమునకు ‘చూచు హక్కును వదలుకొనుచున్నావా?’ యని యభ్యర్థి నడుగుదురు. అభ్యర్థి కంటఁబడదని తెలిసి వ్రాసిన మాటకే చదువువారు విలువ యిత్తురు గనుక పెక్కుమంది వదలుకొందురు. మావాఁడును వదలుకొనెను. ఆ యుత్తరమును తాను జూడనని యొప్పుకొన్న చేతితోనే దాని చిత్తుప్రతిని జేబులోఁ బెట్టుకొని తిరుగుటకు సిద్ధపడినాఁడు! ఆ చిత్తు వ్రాసినవారము మేము.

ఆ ఉత్తరముల కింత విలువ యేల? ఆ దేశపు వైద్యపరీక్షలలో మొదటిదానికి 2022 జనవరి నుండి మార్కులు తెలుపుట మాని, ఉత్తీర్ణుఁడా కాఁడా యని మాత్రమే చెప్పుచున్నారు. మార్కు లున్నపుడైనను, రాత్రి రెండుగంటలకు రోగి పిలిచిన నీతఁడు లేచునా, తెలియనిదానిని తెలియదనునా యను సంగతి పరీక్ష చెప్పలేదు. దగ్గఱనుండి చూచినవాఁడే చెప్పవలెను. విశేషణములు చౌకయైనవని యచ్చటివారును గ్రహించిరి. అత్యవసర వైద్యశాఖవారు 1997లోనే యొక నియతమైన పత్రము నేర్పఱచి, అభ్యర్థి నెంతకాలముగా నెఱుఁగుదురు, తోడివారిలో నతని స్థానమేది యని ప్రశ్నించుచు వచ్చిరి. కాఁబట్టి వారు కోరునది మన సిఫారసు కాదు, సాక్ష్యము. చూడనివాని సాక్ష్యమునకు మన భాషలో వేఱు పేరున్నది.

శిష్యుని బిలిపించి, చిత్తును చించివేసితి మని చెప్పఁగా నతని మొగము వెలవెలఁబోయెను. సెప్టెంబరు ముగియులోపల నాసుపత్రులవారు దరఖాస్తులు చదువ మొదలిడుదురు. “అయితే మే మేమి చేయవలె?” నని యడిగినాఁడు. “ముందు నీవు చూచిన రోగి నొకరిని గూర్చి చెప్పు” మంటిమి. కొంతసే పాలోచించి యిట్లు చెప్పెను. వార్డులో నొక ముసలమ్మ చక్కెరవ్యాధితో మాటిమాటికిఁ జేరుచుండెను. అందఱు నామెను మొండిదనిరి. ఇతఁ డొక రాత్రి ప్రక్కనఁ గూర్చుండి యడుగఁగా, ఇంటిలో ఫ్రిజ్జు లేదనియు, వేసవిలో ఇన్సులిన్ చెడిపోయి విషమగునని భయపడి సూది మానివేసితి ననియుఁ జెప్పెను. పెద్దకుండలోఁ దడియిసుక పోసి, అందులోఁ జిన్నకుండ నుంచి, దానిలో మందు దాఁచుకొనుట యతఁ డామెకు నేర్పెను. ఆ సంగతి మఱునాఁడు ప్రొఫెసరుగారికిఁ జెప్పఁగా నాయన విని యూరకుండెనఁట.

మా రెండు పుటలలో లేనిది ఈ కుండలో నున్నది. కాని దానిని చెప్పవలసినవారము మేము కాము. ఆ ప్రొఫెసరు క్రింద నే నెలనుండి యే నెలవఱకుఁ బనిచేసినది, ఏ శాఖ కోరుచున్నది, గడు వెప్పటికి అను వివరములును, ఈ ముసలమ్మ సంగతియు నతని చేతనే యొక పుటగా వ్రాయించితిమి. అది యుత్తరము కాదు, జ్ఞాపిక. “దీనిని వారికిచ్చి, నన్ను గూర్చి మనస్ఫూర్తిగా వ్రాయఁగలరా, లేకున్న మొగమాటము లేక చెప్పుఁడని యడుగు” మని పంపితిమి. ఇంటివారు పదవి విరమించిన యొక గొప్ప యధికారిచేత మఱియొక యుత్తరము వ్రాయింపఁ దలఁచిరి. ఆయన యీ పిల్లవానిని పెండ్లిపందిరిలోఁ దప్ప నెచ్చటను జూచి యెఱుఁగఁడు. దానిని మాన్పించి, రాత్రులందు వార్డులోఁ దోడుగాఁ బనిచేసిన అసిస్టెంటు ప్రొఫెసరు నడుగు మంటిమి.

ప్రొఫెసరుగారు విసుగుకొనిరి. రెండు వారములు గడచెను. అప్పు చేసి పరీక్షల రుసుములు కట్టిన తల్లి దినదినమును మాకు ఫోను చేయుచుండెను. తుదకొకనాఁ డాయన యితనిఁ బిలిచి, “కుండ సంగతి చెప్పినది నీవేనా? ఆ దినము పనితొందరలో నేమియు ననలేదు” అని, తానే కూర్చుండి వ్రాసి పంపెను. ఏమి వ్రాసెనో శిష్యుఁ డెఱుఁగఁడు, మే మెఱుఁగము. ఎఱుఁగకుండుటయే న్యాయము.

మార్చి మూఁడవ వారమున ఫలితములు వచ్చినవి. అతనికి స్థానము దొరకలేదు.

తరువాత నొక పెండ్లిలో నతని తల్లి మా కెదురై, “మాస్టరుగారూ, మీరే నాలుగు మంచి మాటలు వ్రాసి యిచ్చియుండిన మీ సొమ్మేమి పోయెడిది?” అని యడిగెను. మా నోట మాట రాలేదు. విశేషణములు వానికి స్థానము తెచ్చియుండునా? తెచ్చియుండునేమో. తేదని చెప్పుటకు మాకు ధైర్యము లేదు. మేము చేసినది న్యాయమని తోఁచుచున్నను, దాని వెల కట్టినది మేము కాక మఱియొక యింటివారు కావచ్చు నను శంక మమ్ము విడువలేదు. చదువరులలో ఉపాధ్యాయు లున్నచో, వారు దీనిని మాకన్న ముందుగా, అనఁగా చిత్తు వ్రాయకముందే, యాలోచింపవలెనని మా ప్రార్థన. తీరిక లేని ప్రొఫెసరులకును ఒక మనవి: వ్రాయలేకున్న వ్రాయలేమని చెప్పుట పిల్లవానికిఁ జేయు నుపకారమే. మీ సంతకము క్రింద పిల్లవాఁడు తన్నుఁ దాను పొగడుకొనఁగా, మీరు నిజముగాఁ జూచిన మంచి కూడ నమ్మకము పోఁగొట్టుకొనును.

ఈ సంవత్సరము శిష్యుఁడు మరల దరఖాస్తు పెట్టుచున్నాఁడు. మొన్న వచ్చి, క్రొత్తగాఁ బనిచేసిన యాసుపత్రి వివరములు చేర్చిన జ్ఞాపికను మా ముందుంచెను. మేము కలము తీయఁగానే, “మాటలు మార్చవలదు, మాస్టరుగారూ. కామాలు మాత్రము చూచిపెట్టుఁడు” అనెను.

కామాలు చూచి యిచ్చితిమి.