మా యింటి కంప్యూటరు

ఇంటనున్న వస్తువును ఎప్పుడు మార్చవలెనను ప్రశ్నకు మా పెద్దలు సులువైన సమాధానము చెప్పెడివారు. పగిలినప్పుడు కడవను, అరిగినప్పుడు నాగలికర్రును, చినిగినప్పుడు గొంగడిని మార్చవలెను. పనిచేయుచున్న వస్తువును పారవేయుట వారి దృష్టిలో పాపమునకు సోదరి. ఈ బుద్ధిలోనే మేమును పెరిగితిమి. కాని పగులక, అరుగక, చినుగకయే పాతబడు వస్తువొకటి మా కాలమున ఇంటింటను చేరినది. దానివిషయమై మేము పడిన తర్జనభర్జనయే ఈ వ్యాసము.

మా కంప్యూటరు 2016 వ సంవత్సరమున మంచిర్యాలలో కొన్నది. ఆ యేడే అక్టోబరు 11 వ తేదీన మంచిర్యాల వేరు జిల్లాయై, మా చెన్నూరు ఆదిలాబాదు జిల్లానుండి అందు చేరినది. కావున జిల్లాయు యంత్రమును మా యింటికి ఒక్కమారే కొత్తగా వచ్చినవని మేము పరిహాసమాడుచుందుము. తొమ్మిదేండ్లు అది మాకు కొరత లేక పనిచేసినది. గడచిన 2025 వ సంవత్సరపు నడుమ దాని తెరపై ఒక ప్రకటన కానవచ్చెను. ఆ యంత్రమును నడిపించు విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు అక్టోబరు 14 వ తేదీతో మరమ్మతులు నిలిచిపోవునని దాని సారాంశము. మేము ప్రకటనను మూసితిమి. మరునాడు మరల వచ్చెను. మరల మూసితిమి. ఇట్లు రెండు మాసములు గడచినవి.

చదువరులలో కొందరు ఇందేమి వింత యని అడుగవచ్చును. నిజమే. విండోస్ ఎక్స్‌పీ 2014 ఏప్రిల్ 8 వ తేదీన, విండోస్ 7 అనునది 2020 జనవరి 14 వ తేదీన ఇట్లే పదవీవిరమణ చేసినవి. 2015 జులైలో వెలువడిన విండోస్ 10 పదియేండ్లు బ్రతికినది. గడువు తీరినంతమాత్రమున యంత్రము ఆగిపోదు. అక్టోబరు 14 న పనిచేసినట్లే 15 నను పనిచేయును. మోసమంతయు ఇందే యున్నది. కడవ పగిలిన నీరు కారి తెలియును. ఇది పగిలినను నీరు కారదు. ఏ దినమున ఏ లోపము బయటపడునో, దానిని కనిపెట్టిన దొంగ ఎన్నడు వచ్చునో మనకు తెలియదు. అట్టి లోపములను ఎప్పటికప్పుడు పూడ్చువాడు మాత్రము ఇకముందు రాడు.

2017 వ సంవత్సరము మే మాసమున వాన్నాక్రై యను దుష్టసాఫ్ట్‌వేరు లోకమంతట వ్యాపించినది. కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి, తాళపుచెవి కావలెనన్న ధనమియ్యవలెనని బెదరించుట దాని వృత్తి. ఇంగ్లండున ఆసుపత్రులు రోగులను తిప్పిపంపినవి. ఆంధ్రప్రదేశమున కొన్ని జిల్లాల పోలీసువారి కంప్యూటర్లును దాని వాత పడినవని పత్రికలు వ్రాసినవి. అది దూరిన రంధ్రమును పూడ్చు మరమ్మతు అంతకు రెండు మాసముల ముందే, మార్చిలోనే, వెలువడియుండెను. చెడిపోయినవి మిక్కిలిగా విండోస్ 7 కంప్యూటర్లే. ఆనాటికి దానికి మరమ్మతులు అందుచునే యున్నవి. అనగా మందు కలిగియు త్రాగనివారే జబ్బుపడిరి. ఇక మందే లేనివారి సంగతి చెప్పవలెనా?

ఇది మా సొంత వ్యవహారమైనచో మేమింకను ఉపేక్షించియుందుమేమో. కాని మా యంత్రము మాది మాత్రమే కాదు. సాయంకాలమున మా వీధివారు వచ్చి, “సారూ, గీ ఫారం జెర నింపుండ్రి” అందురు. పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, ముసలివారి పింఛను కాగితములు, రైతుల బ్యాంకు వివరములు, ఆధారు సంఖ్యలు మా యింటి కంప్యూటరునుండియే పోవుచుండును. వారు మమ్ము నమ్మి ఇచ్చుచున్నారు. ఊరివారు నీరు తోడుకొను బావి మన పెరటిలో నున్నప్పుడు, దానిపై మూత వేయుట వేయకపోవుట మన యిష్టమని చెప్పవచ్చునా?

ఇంత తెలిసియు ఏల జాగు చేసితిమి? మేము బయటకు చెప్పిన కారణము వ్యయము. కొత్తదైన విండోస్ 11 మా యంత్రమును అంగీకరింపదు. టీపీఎం 2.0 అను భద్రతాచిప్పు కావలెననియు, ఇంటెల్ ప్రాసెసరైనచో చాలవరకు ఎనిమిదవ తరముదో అంతకు మీదిదో కావలెననియు దాని నిబంధన. మాది ఆరవ తరము. కావున కొత్త వ్యవస్థ యనగా కొత్త యంత్రమే. మరియొక యేడాది, అనగా 2026 అక్టోబరు 13 వరకు, ఇంటివాడుకవారు మరమ్మతులు పొందు ఏర్పాటొకటి ప్రకటింపబడినది. దానిని పొందుటలో తప్పులేదు. కాని మాబోటి జాగరులకు యేడాది గడువిచ్చుటయనగా, పన్నెండు మాసముల తరువాత ఇదే వ్యాసమును మరల వ్రాయించుటయే.

అసలు కారణము వేరు. 2004 వ సంవత్సరమున, ఉద్యోగమునకు కొత్తగా వచ్చిన దినములలో, మా తల్లి పాడుచుండిన బతుకమ్మ పాటలను, నాట్లపాటలను, తిరుగటిపాటలను మేము కంప్యూటరులో వ్రాసికొంటిమి. మొత్తము ఎనుబదియారు. ఆమె 2011 లో గతించినది. ఆ పాటలు నాటి ఒక తెలుగు ఫాంటులో నున్నవి. ఆ ఫాంట్ల తీరేమనగా, ఇంగ్లీషు అక్షరముల స్థానములందు తెలుగు అక్షరఖండములను కూర్చుండబెట్టుట. తలకట్టొకచోట, కొమ్మొకచోట, వత్తొకచోట. ఫాంటున్న యంత్రమున అది తెలుగు. లేని యంత్రమున అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. ప్రతి లిపికిని ప్రత్యేకస్థానమిచ్చు యూనికోడులో తెలుగునకు 1991 లోనే చోటు దొరికినది. మేము వ్రాయునాటికి ఎక్స్‌పీలోనే ఆ సౌకర్యము కలదు. కాని అచ్చుపనివారు వాడుచున్నదే మేమును వాడితిమి. చదువుకొన్నవారమై యుండియు విచారింపకపోవుట మా తప్పు.

యంత్రము మారినచో తల్లి మాట మాయమగునను భయము మమ్ము పట్టినది. ఒకనాడు ఇంటరు చదువుచున్న మా కుమార్తె మరల మూయబోవుచున్న మా చేయి పట్టుకొని, “బాపూ, నాయనమ్మ పాటలు పోతయని మార్చుతలేవా, మార్చుడు బద్దకమా? నిజం చెప్పు” అని అడిగెను. రెండును కలవని ఒప్పుకొంటిమి. “పాటలు పోతయని భయముంటే ఇరవై ఏండ్లసంది ఒక్క డిస్కులనే ఎందుకు పెట్టినవు?” అని యామె మరల అడిగెను. దానికి మాయొద్ద సమాధానము లేకపోయెను. యంత్రమును మార్చకుండుటయే పాటలను కాపాడుటయని మేము భ్రమించితిమి. ఆ తొమ్మిదేండ్ల డిస్కు ఒకనాటిరాత్రి చెడియుండినచో ఎనుబదియారు పాటలును దానితోనే పోయియుండెడివి.

దసరా సెలవులలో పనికి పూనుకొంటిమి. పాతఫాంటును యూనికోడుగా మార్చు సాధనములు కలవు. కాని వత్తులు తారుమారగును, సున్నలు జారిపోవును. కావున ఒక్కొక్క పంక్తిని పాతదానితో సరిచూచుచు, మా కుమార్తె చదువగా మేము దిద్దితిమి. బతుకమ్మ పండుగకు మా పినతల్లి వచ్చియుండెను. ఆమెకు ఎనుబదియేండ్లు, అక్షరము రాదు. మా కుమార్తె చదువుచుండగా తంగేడుపూవులు పేర్చుకొనుచు వినుచున్న ఆ ముసలమ్మ చేయి ఆపి నవ్వెను.

“మా అక్క గిట్లెన్నడు అనలే కొడుకా. గీ మాట మీ బడిది.”

ఆ మాట “వెదకుచు.” మా తల్లి పాడినది “దేవులాడుకుంట” యని పినతల్లి పాడి వినిపించెను. పాట నడక అప్పుడు కుదిరెను. అంతట మాకు అనుమానము కలిగి పాటలన్నియు ఆమెకు వినిపించితిమి. “ఏడికి” యన్నచోట “ఎచ్చటికి” యని యుండెను. “కైకిలి” యన్నచోట “కూలి” యని యుండెను. “అవ్వ” యన్నచోట “తల్లి” యని యుండెను. ఇరువదియైదేండ్ల ప్రాయమున, సంస్కృతవ్యాకరణము తలకెక్కి, తల్లి పాడుచుండగానే ఆమె భాషను మేము సంస్కరించితిమి! ఆమె చూడలేదు, చూచినను చదువలేదు. ఏ ఫాంటును, ఏ కంపెనీయును చేయని అపచారమును కొడుకైన మేము చేసితిమి. ఇరువదియేండ్లు మేము భద్రపరచినది మా తల్లి పాట కాదు, మా పాండిత్యము.

ఎనుబదియారింటిలో అరువదిమూడింటిని పినతల్లి సరిచేసెను. మిగిలినవి ఆమెకు రావు. వానిని ఉన్నవి యున్నట్లుగనే వ్రాసి, మేము మార్చిన మాటలు వీనిలో నుండవచ్చునని ప్రతిదానిక్రింద సూచించితిమి. ఆమె కంఠమును ఫోనులో పట్టితిమి. ప్రకటనను మూయుచునే యుండినచో ఈ తప్పు ఎన్నటికిని తెలిసియుండెడిది కాదు.

తాళపత్రగ్రంథములను కాపాడిన మన పూర్వులు ఆకును కాపాడలేదు. పాతయాకు శిథిలము కాకముందే కొత్తయాకుపై ప్రతి వ్రాసిరి. కడపలో తన బంగళాయందు పండితులనుంచి, ప్రతులు సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను చేసిన మహోపకారమిదియే. ఆ ప్రతులు నేడు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖితగ్రంథాలయమున నున్నవి. ప్రతి వ్రాయువాడు మాట మార్చునను భయము ఆనాడును కలదు. దానికి మందు వ్రాయుట మానుట కాదు, సరిచూచుట.

ఇక యంత్రము మాట. మంచిర్యాలనుండి కొత్తడిస్కును, మరికొంత మెమరీని తెచ్చి, అందు లినక్సును నెలకొల్పితిమి. 1991 లో ఫిన్లండు విద్యార్థియొకడు ఆరంభించి, లోకమునందలి వేలమంది కలిసి పెంచిన వ్యవస్థ యిది. వెల లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్లనుండి ఇట్టిదానితోనే బోధించుచున్నవి. హైదరాబాదున 2005 లో వెలసిన స్వేచ్ఛ యను సంస్థవారు దీనికి తెలుగుమాటలు కూర్చిరి. కష్టము లేకపోలేదు. ప్రింటరు మూడుదినములు మా మాట వినలేదు. బడికి పంపవలసిన పట్టికలో వరుసలు చెదరినవి. నాలుగవదినమున రెండును దారికి వచ్చినవి. పాతడిస్కును తీసి, ఏ నెట్టుతోను సంబంధము లేకుండ, బీరువాలో నుంచితిమి.

అందరును మా దారినే రావలెనని మేము చెప్పము. తమ యంత్రము కొత్తవిండోసునకు తగినదైనచో దానినే తెచ్చుకొనవచ్చును. ఆఫీసుపనికి ప్రత్యేకసాఫ్ట్‌వేరు కావలసినవారు కొత్తయంత్రము కొనవలసియుండును. కాని ఏది చేసినను మొదట రెండు ప్రతులు తీసికొనుడు. ఒకటి ఇంట, ఒకటి వేరొకచోట నుంచుడు. పాతఫాంట్లలో నున్న తెలుగును, చదువగలిగిన యంత్రము మిగిలియుండగానే, యూనికోడునకు తెండు. ఆ మాటలను ఎరిగిన పెద్దలు జీవించియుండగానే తెండు. యంత్రముల గడువు తెరపై కానవచ్చును. పెద్దల గడువును ఎవ్వరును ప్రకటింపరు.

మా ఊరి అగస్త్యేశ్వరాలయమున అఖండదీపము నాలుగువందల యేండ్లనుండి ఆరక వెలుగుచున్నదని మావారు చెప్పుకొందురు. చిన్నతనమున దానిని చూచుటకు పోయినప్పుడు, ఇన్నియేండ్లు ఒకే వత్తి ఎట్లు కాలుచున్నదని మేము తల్లిని అడిగితిమట. ఆమె ఏమని చెప్పినదో మాకు జ్ఞాపకము లేదు. పినతల్లి చెప్పినది: “ఒక్క వత్తి ఏడుంటది కొడుకా? ఆరకముందే ఇంకోటి ఏస్తరు.”