ముందు చెవి, తర్వాత చెయ్యి



మా అమ్మాయి మీ పిల్లలతోపాటు ఇక్కడే తొమ్మిదో తరగతి చదువుతోంది. అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట నేను ‘డీజే, సౌండ్ సిస్టం’ అని రాశాను. నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల వైపు మీ బంధువుల పెళ్లి జరిగి ఉంటే, బరాత్‌లో పాటలు మార్చింది నేనో, నాలాంటి మరొకరో అయ్యుంటాం. మా మోత మీరు వినే ఉంటారు. మా చేతులు ఏం చేస్తున్నాయో మాత్రం చూసి ఉండరు.

మొన్న పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచారు. “మావాడు ఫోన్‌లో మిక్సింగ్ యాప్ పెట్టుకొని కూర్చుంటున్నాడు. చదువు పాడవుతుందా అన్నా? చెవులు పోతాయా?” అని అడిగారు. మీలో ఇంకొందరికి కూడా ఈ సందేహం ఉండవచ్చు. అందుకే ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా పని ఏమిటో చెప్తాను. మా ముందు రెండు పాటలు నడుస్తుంటాయి. ఒకటి జనం వింటున్నది. రెండోది నా హెడ్‌ఫోన్‌లో నేను ఒక్కణ్ణే వింటున్నది. మొదటి పాట అయిపోయేలోపు, ఆడేవాళ్ల అడుగు తప్పకుండా, రెండోదాన్ని దాని చోటికి తేవాలి. రెండింటి వేగం దగ్గరగా ఉంటే కొద్దిగా సవరించి కలుపుతాం. నిమిషానికి 100 దెబ్బల పాటను 104 దెబ్బల పాటతో కలపవచ్చు. 90తో 130ని కలపాలంటే కుదరదు, పాటను ఒకచోట తెంపి మార్చాల్సిందే. అందుకే మేం ఎప్పుడూ లోపల లెక్క పెడుతూనే ఉంటాం. ఆట పాటలు ఎక్కువగా నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తాయి. ఎనిమిది నాలుగులు, అంటే 32 దెబ్బలు పూర్తయిన చోట చాలా పాటలు మలుపు తిరుగుతాయి. కొత్త పాటను ఆ మలుపు దగ్గర దించితే ఎవరి అడుగూ తడబడదు.

మిక్సర్ మీద ప్రతి పాటకూ మూడు నాబ్‌లు ఉంటాయి: లో, మిడ్, హై. దీన్నే ఈక్వలైజర్ అంటారు. ‘లో’లో గుండెకు తగిలే దరువు ఉంటుంది. ‘మిడ్’లో గొంతు ఉంటుంది. 2022లో పద్మశ్రీ అందుకున్న మన దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర లాంటి తీగ వాద్యాలూ ఎక్కువగా ఇక్కడే పలుకుతాయి. ‘హై’లో గజ్జెలు, తాళాలు ఉంటాయి.

ఈ పనిలో మొదటి సూత్రం ఒకటే: ఒకేసారి రెండు పాటల దరువు మోగకూడదు. రెండు లోలు కలిస్తే బలం రాదు, బురద వస్తుంది. మిక్సర్‌లో ఎర్ర లైటు వెలుగుతుంది, స్పీకరు వేడెక్కుతుంది. అందుకే కొత్త పాటను లో పూర్తిగా తగ్గించి లోపలికి తెస్తాం. ముందు గజ్జెలు వినిపిస్తాయి, తర్వాత గొంతు. మలుపు దగ్గర ఒక చేత్తో పాత పాట లో దించుతూ, రెండో చేత్తో కొత్తదాని లో ఎత్తుతాం. ఆ క్షణంలో జనం కేక వేస్తారు. ఎందుకు వేశారో వాళ్లకు తెలియదు.

కింద అడ్డంగా జరిగేది క్రాస్‌ఫేడర్. ఎడమకు జరిపితే మొదటి పాట, కుడికి జరిపితే రెండోది, మధ్యలో ఉంచితే రెండూ. కొత్తగా నేర్చుకునే పిల్లలు దీన్ని అటూ ఇటూ కొట్టడమే డీజే అనుకుంటారు. చోటు ముందుగా నాబ్‌లతో చేసి పెడితేనే క్రాస్‌ఫేడర్ మెత్తగా జరుగుతుంది.

చోటు ఇవ్వడమంటే ఏమిటో నాకు బాగా తెలిసేది డప్పు ముందు. డప్పు కొట్టేవాళ్ల కుడిచేతిలోని లావు సిర్ర బరువైన దెబ్బ ఇస్తుంది, ఎడమచేతిలోని సన్న పుల్ల చురుకైన దెబ్బ ఇస్తుంది. లో, హై రెండూ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. మా బండ్లు వచ్చాక వాళ్లకు పిలుపులు తగ్గాయన్నది నిజం. అందుకే బరాత్‌లో డప్పు ముందు నడుస్తుంటే నేను నా లో నాబ్ బాగా దించి, పాట గొంతును మాత్రమే ఉంచుతాను. దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో అలా చేస్తే, డప్పు పెద్దాయన బండి దగ్గరికి వచ్చి, “ఇయ్యాల మా దెబ్బ మాకు ఇనవడ్డది తమ్మీ” అన్నాడు. ఆ రాత్రి పెళ్లివారిచ్చిన డబ్బుల కంటే నాకు ఆ మాటే ఎక్కువగా గుర్తుంది.

ఇక చదువు సంగతి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే యువకుడు తన చెల్లెలి పార్టీలో రికార్డులు వేశాడు. పాటలో దరువు మాత్రమే ఉండే ముక్కను, ఒకే రికార్డు రెండు ప్రతులతో సాగదీయడం ఆయన పద్ధతి. హిప్‌హాప్ పుట్టుకను చాలామంది ఆ రోజు నుంచే లెక్కిస్తారు. ఆ బాటలోనే వచ్చిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వృత్తి విద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. జనానికి వినిపించకముందే రెండో రికార్డును తాను హెడ్‌ఫోన్‌లో వినేందుకు స్విచ్ తయారు చేసుకున్నాడు. బడిలో నేర్చిన విద్యే అది. మా అమ్మాయికి పౌనఃపున్యం అన్న మాట పుస్తకంలో కనిపించినప్పుడు, లో నాబ్ తిప్పి చూపించాను. “అంటే నువ్వు రోజూ ఈ పాఠమే చేస్తున్నావా డాడీ?” అంది.

అలాగని మీ పిల్లలను ఈ పనిలో పెట్టమని చెప్పను. మాది ముహూర్తాల మీద బతికే పని. ఆషాఢంలో, మూఢంలో బండి షెడ్డులోనే ఉంటుంది, ఫీజు గడువు మాత్రం ఆగదు. కానీ వారానికి ఒకటి రెండు గంటలు లెక్కపెట్టి వినడం, ఓపికపట్టడం నేర్చుకుంటే చదువుకు వచ్చే నష్టం లేదు.

భయపడాల్సింది రెండో ప్రశ్నకే. నాకు పని నేర్పిన అన్నకు వినికిడి పరీక్ష చేస్తే, గీత 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కిందికి దిగింది. పెద్ద మోతల్లో పనిచేసేవాళ్లకు తరచుగా కనిపించే గుర్తు అది. ఇప్పుడు ఆయన మనవరాలు మాట్లాడితే గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. స, శ, చ లాంటి అక్షరాలు జారిపోతాయి. లోపలి చెవిలోని సన్నని కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ మొలవవు.

అమెరికాలోని నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం రోజుకు 85 డెసిబెల్స్ మోతలో 8 గంటల వరకు పనిచేయవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్‌కు మిగిలేది 15 నిమిషాలే. బరాత్ బండి ముందు పిల్లలు గంటలకొద్దీ నిలబడతారు. వాళ్లను దూరం జరపండి. ఆరుబయట దూరం రెట్టింపైతే మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే చెవి నాలుగు రెట్లు ఎక్కువసేపు తట్టుకుంటుంది. చంటిపిల్లలను బండి దగ్గరికి అసలు తేవద్దు. మీ పిల్లలు హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు, మీరు పక్కన నిలబడి మామూలు గొంతుతో పిలవండి. పలకకపోతే సౌండ్ తగ్గించమనండి.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఇవన్నీ తెలిసే మేం టైమ్ చెప్తాం. అయినా పది దాటాక “ఇంకొక్క పాట అన్నా” అనేది ఎక్కువగా పెద్దవాళ్లే. దయచేసి అప్పుడు మీరు మా వైపు నిలబడండి.

మా ఇంట్లో అమ్మాయి లెక్కల పరీక్ష గురించి చెప్తుంటే నేను మధ్యలో అందుకుంటాను. అప్పుడు నా భార్య నా వైపు చూసి, గాలిలో నాబ్ తిప్పినట్టు వేళ్లు తిప్పుతుంది. నీ లో తగ్గించు అని. అమ్మాయి నవ్వుతుంది, తన మాట పూర్తి చేస్తుంది.

ఈ ఆదివారం మీరూ ఒక పని చేయండి. ఫోన్‌లో ఈక్వలైజర్ తెరిచి, మీకు ఇష్టమైన పాట పెట్టి, లో పూర్తిగా తీసేయండి. ఏం పోయిందో మీ అబ్బాయినో అమ్మాయినో చెప్పమనండి. తర్వాత మిడ్ తీసేయండి. వాళ్లు చెప్తున్నంతసేపూ మీరు వినండి.